ఏడో ప్రశ్న

పేపర్లో తన చేతిరాత పడితే ఎవరైనా మురిసిపోతారు, నలుగురికీ చూపించుకుంటారు. ముత్యం మాత్రం ఆ ఉదయం పేపరు మడతపెట్టి దాని మీద కూర్చుంది.

అందులో పడింది రాత కూడా కాదు, ఒక టిక్కు. అరచెయ్యంత పెద్దది చేసి మొదటి పేజీ నడిమధ్యన వేశారు. పైన "అబద్ధం ఇలా ఉంటుంది" అని లావుపాటి అక్షరాలు. కింద వార్త: బినామీ తుపాకుల బిల్లు వచ్చే నెల సభ ముందుకు వస్తోంది. తన పేరున తుపాకీ కొని ఇంకొకరి చేతిలో పెట్టేవాళ్ళకి అయిదేళ్ళ జైలు. ఇలాంటి చట్టం ఎందుకు కావాలో తెలియాలంటే, బేకరీ నడిపే ఈ మహిళ నింపిన ఫారం చూడండి. "ఈ ఆయుధం ఎవరి కోసం?" అన్న ఏడో ప్రశ్నకి ఆమె "నా సొంతానికి" అని టిక్కు పెట్టింది. నెల తిరక్కుండా ఆ తుపాకీతోనే ఆమె భర్త పక్కింటి బస్సు డ్రైవరు మోకాలు పేల్చేశాడు. ఆ భర్త పాత కొట్లాట కేసుల వల్ల తుపాకీ ముట్టుకునే హక్కే లేనివాడు. ఫారంలో అబద్ధం రాసిందని కేసు పెడితే, ఆ టిక్కు తాను పెట్టలేదని ఆమె కోర్టులో అంటోంది. ఎవరూ నమ్మడం లేదు.

ముత్యం నమ్మింది. టిక్కు తోక చివర కిందికి తిరిగిన చిన్న కొక్కెం ఉంది. ఆ కొక్కెం ముత్యం చేతిది. లోకంలో ఇంకెవరూ టిక్కుకి కొక్కెం పెట్టరు.

చిన్నప్పుడు బళ్ళో మాస్టారు "అక్షరాలు కావివి, ముత్యాలు" అన్నాడు. ఆ రోజు నుంచి అసలు పేరు పోయి ఈ పేరే నిలబడింది. భర్త పోయిన ఏడాదికి అక్క వచ్చి "మా కొట్టులో రాతకోతలకి మనిషి కావాలి, నువ్వుండగా బయటివాళ్ళెందుకు" అని తీసుకొచ్చింది. కొట్టంటే తుపాకుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. బావగారు గోడకి వేలాడే తుపాకులు చూసుకుంటారు, వేటగాళ్ళతో, తోటలవాళ్ళతో కబుర్లాడతారు. గాజు బల్ల వెనక కుర్చీ, ఫారాలు, ముద్రలు ముత్యానివి. పంతొమ్మిదేళ్ళుగా ఒక్క కొట్టివేత లేదు, ఒక్క ఫారం వెనక్కి రాలేదు.

ఆ పనితనంలోనే తిరకాసంతా ఉంది. చేరిన ఏడే, వేట సీజను మొదటివారంలో జనం గుమ్మం దాటి వీధిలోకి నిలబడ్డారు. ఒక్కో ఫారానికి పదకొండు ప్రశ్నలు. అప్పుడు తట్టింది ముత్యానికి: ఏడో ప్రశ్నకి ఎవరైనా "వేరొకరికి" అంటారా? అన్నవాడికి వెంటనే అమ్మరు, ఆ వేరొకణ్ణి స్వయంగా తీసుకురమ్మంటారు. అందుకని అందరూ సొంతానికే అంటారు. అనబోయేది ముందే తెలిసినప్పుడు అడగడమెందుకు? అప్పటినుంచి పని లేని మధ్యాహ్నాలు యాభేసి ఫారాలు ముందేసుకుని, కొట్టు పేరు, లైసెన్సు నంబరు, ముద్ర, ఆ చేత్తోనే ఏడో గడిలో టిక్కు కూడా పెట్టి సొరుగులో పేర్చేది. కొనేవాళ్ళు పేరు చెప్పి సంతకం పెడితే చాలు.

మొదటిసారి ఆ దొంతర చూసి బావగారు ఎంత సంబరపడ్డారని! "నువ్వు మనిషివి కాదు, మిషనువి" అన్నారు. ముత్యం ఆ మాట చాలా ఏళ్ళు దాచుకుంది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది తన పని అని ఆవిడకెప్పుడూ తోచలేదు.

"ఏం చూస్తున్నావే అలా? పేపరేది?" అంటూ అక్క కాఫీ గ్లాసుతో వచ్చింది.

ముత్యం లేచి పేపరు తీసి ఇచ్చింది. వెనకే బావగారూ వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని చదివి, "కొట్టు పేరు రాయలేదు. బతికించారు" అన్నారు.

"బావా, ఆ టిక్కు నాది."

బావగారు మళ్ళీ చూశారు. ఈసారి చాలాసేపు చూశారు. "టిక్కులన్నీ ఒకలాగే ఉంటాయి" అన్నారు.

"నావి ఉండవు."

"ఎవరికి తెలుసది?"

"నాకు తెలుసుగా."

అక్క గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టింది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎందుకే! కొన్నది ఆవిడ, కాల్చింది ఆవిడ మొగుడు. మధ్యలో నువ్వెవరు? రేపు ఈ కొట్టు మూసేస్తే ముగ్గురం ఎక్కడికి పోతాం?"

ఉన్న ఇల్లు వీళ్ళది, కూర్చున్న కుర్చీ వీళ్ళిచ్చింది. ఇన్నేళ్ళుగా అక్క ఒక్కరోజు కూడా "నీకు పెట్టాం" అనలేదు. అనుంటే ఇంత కష్టంగా ఉండేది కాదు.

"సొరుగులో ఎన్నున్నాయి అలాంటివి?" అన్నారు బావగారు.

"ముప్ఫై ఎనిమిది."

బావగారు అవన్నీ తీసుకెళ్ళి, తుపాకులు తుడిచిన నూనెగుడ్డలు పడేసే రేకుడబ్బాలో వేసి పెరట్లో అంటించారు. ఆ పొగ కొట్టంతా నిండింది. ఆ మధ్యాహ్నం ముత్యం ఏం తిన్నదో ఆవిడకే తెలియదు.

తెలిసిందల్లా ఒకటే, ఆ బేకరీ ఆవిడ. ఆవిడ కొట్టుకి వచ్చిన రోజు సన్నగా వాన. గోళ్ళ అంచుల్లో పిండి ఇంకా ఉంది, పని మధ్యలోంచి లాక్కొచ్చినట్టు. బయట వ్యాను ఇంజను ఆపకుండా ఉంది. లోపల కూర్చున్న మగమనిషి రెండుసార్లు హారన్ కొట్టాడు. బల్ల దగ్గర నిలబడి ఆవిడ మెల్లగా అడిగింది, "ఇది మా ఆయన పేరు మీద రాయొచ్చాండీ?"

"బల్ల దగ్గర ఎవరుంటే వాళ్ళ పేరేనమ్మా" అంది ముత్యం. "ఇక్కడ, ఇక్కడ సంతకాలు."

ఆవిడ పెన్ను పట్టుకుని ఇంకా నిలబడే ఉంది. "ఇంకేమీ అడగరా?"

"మీకు శ్రమ లేకుండా అన్నీ నేనే నింపేశానమ్మా" అంది ముత్యం. అని నవ్వింది కూడా.

*

మూడో రోజు కమిటీ ఆఫీసరు వచ్చింది.

బిల్లు రాస్తున్న కమిటీ తరఫున కొట్లన్నీ తిరుగుతున్న మనిషి. సన్నగా, పొడుగ్గా, మెళ్ళో తాడుకి కళ్ళజోడు, భుజాన రెండు సంచులు. బావగారు కుర్చీ వేశారు, పంఖా తిప్పారు, అడగకుండానే మంచినీళ్ళు తెప్పించారు. ముత్యం బీరువా తెరిచి ఫారాల దస్తాలు బల్ల మీద పేర్చింది. భయమున్నా లోపల ఎక్కడో చిన్న ఆశ కూడా ఉంది: ఈవిడే పట్టేసుకుంటే బాగుండును. వందల ఫారాలు వరసగా తిప్పుతుంది కదా, అన్ని కొక్కేలూ ఒక్కలా ఉండటం కనిపించదా? తన నోటితో చెప్పే పని తప్పుతుంది.

ఆఫీసరు రెండు గంటలు తిప్పింది. తిప్పి, కళ్ళజోడు తీసి, "ఇంత శుభ్రమైన రికార్డు నేను ఏ కొట్టులోనూ చూళ్ళేదు" అంది.

చూడమని ముందు పెడితే జనానికి రాత అందమే కనిపిస్తుంది.

"ఏడో ప్రశ్న ప్రతివాళ్ళనీ అడుగుతారా?" అంది ఆఫీసరు, ముత్యం వైపు తిరిగి.

"అడక్కుండా ఎలాగండీ!" అన్నారు బావగారు. ముత్యం తేలు కుట్టిన దొంగలా ఫారాలు సర్దసాగింది.

"మాకు కావాల్సింది సరిగ్గా ఇదే" అంది ఆఫీసరు. "కొట్లవాళ్ళు పద్ధతిగానే ఉన్నారు, కొనేవాళ్ళే అబద్ధాలు చెప్తున్నారు అని సభ్యులకి చూపించాలి. గురువారం కమిటీ ముందుకి మీరొకసారి రండి. ఫారం ఎలా నింపుతారో చేసి చూపించండి, చాలు. ఆ బేకరీ కేసు తీర్పు కూడా శుక్రవారమే. అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి."

ఆఫీసరు వెళ్ళాక బావగారు చేతులు రుద్దుకుంటూ కొట్టంతా రెండు చుట్లు తిరిగారు. "చూశావా! మునుగుతామనుకుంటే సన్మానానికి పిలిచారు. నోరు తెరిచి మూడు ముక్కలు చెప్పొస్తే గండం గట్టెక్కినట్టే."

"నేను వెళ్ళి 'అందరినీ అడుగుతా'నంటే, మర్నాడు ఆవిడ జైలుకి పోతుంది బావా."

"నువ్వు వెళ్ళకపోయినా పోతుంది" అన్నారు బావగారు. అది నిజమే. నిజమైనా ముత్యానికి ఊరట కలగలేదు.

ఇక గురువారం దాకా కుడితిలో పడ్డ ఎలుకలా అయింది బతుకు. బావగారు కొనేవాడిలా బల్లకి అవతల నిలబడేవారు. "అడుగు" అనేవారు. ముత్యం "ఈ ఆయుధం మీ సొంతానికేనా, వేరొకరి కోసమా?" అని అడిగేది. "గట్టిగా. సభ్యులకి వినపడాలి" అనేవారు. అక్క మేడ మెట్ల మీద కూర్చుని వినేది.

అసలు కొనేవాళ్ళనీ అడగడం మొదలుపెట్టింది. మొదట వచ్చిన ముసలి వేటగాడు బిత్తరపోయాడు. "నీ దగ్గర నాలుగు కొన్నాను. ఎప్పుడూ లేంది ఇప్పుడేంటమ్మా కొత్తగా?" అని, కాసేపు ఆలోచించి, "నా సొంతానికే. ఇంకెవరికిస్తాను, ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ లేరు" అన్నాడు.

మంగళవారం ఇంకొకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాద గల మనిషి. పిస్తోలు ఎంచుకున్నాడు, పేరు చెప్పాడు, ఊరూ వాడా చెప్పాడు. ముత్యం ఏడో ప్రశ్న అడిగింది. ఆయన చేతిలో పెన్ను రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. "రేపొస్తాను" అని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు.

"బేరం పోగొట్టావు" అన్నారు బావగారు.

ఒక్క మాట అడిగితే ఒకడు వెనక్కి తిరిగాడు. మరి పంతొమ్మిదేళ్ళలో అడగకుండా సాగనంపినవాళ్ళు ఎంతమంది? ఆ లెక్క వెయ్యడానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు. బీరువాలో దస్తాలు దస్తాలుగా తన టిక్కులే ఉన్నాయి, అన్నీ ముత్యాలే.

*

గురువారం పదకొండింటికి కమిటీ హాల్లో కూర్చుంది. గుర్రపునాడా ఆకారంలో బల్ల, దాని చుట్టూ తొమ్మిదిమంది సభ్యులు, ఒక్కొక్కరి ముందూ మైకు, నీళ్ళ గ్లాసు. వెనక జనానికి అయిదారు వరసల కుర్చీలు. ముందు వరసలో బావగారు ఉతికిన కోటుతో ఉన్నారు. అక్క రాలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, ముత్యం భుజమ్మీద దారప్పోగు తీసేసి, లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగో వరసలో, గోడ పక్కన, బేకరీ ఆవిడ. జామీను మీద ఉంది. గోధుమరంగు స్వెట్టరు, ఒళ్ళో రెండు చేతులు. ఆ రోజుకన్నా సగమైపోయింది. ముత్యం కళ్ళు తిప్పేసుకుంది.

ఆఫీసరు లేచి పరిచయం చేసింది. పంతొమ్మిదేళ్ళు, ఒక్క తప్పు లేదు అంది. సభ్యులు తలలూపారు. కమిటీ అధ్యక్షుడు స్థూలకాయుడు, సరదా మనిషి. తన కుర్చీలోంచి లేచి వచ్చి ముత్యం ఎదురుగా కూర్చున్నాడు.

"సరేనమ్మా, నేనే కొనడానికి వచ్చాననుకోండి. మీ కొట్టులో ఏం చేస్తారో ఇక్కడా అదే చెయ్యండి. మా మనవడు చూస్తే నవ్వుతాడు గానీ, ఒక వేట తుపాకీ ఇప్పించండి."

హాలంతా నవ్వారు. ముత్యం ముందు ఖాళీ ఫారం పెట్టారు. పెన్ను తీసింది. అందరూ చేతినే చూస్తున్నారు. కొట్టు పేరు, లైసెన్సు నంబరు, తారీఖు చకచకా సాగిపోయాయి. అధ్యక్షుడు పేరు చెప్పాడు, రాసింది. చిరునామా చెప్పాడు, రాసింది. ఫారం ఆయన వైపు తిప్పింది.

"ఇక్కడ, ఇక్కడ సంతకాలు" అంది.

ఆయన రెండు చోట్లా పెట్టాడు. "అక్షరాలంటే ఇవమ్మా!" అన్నాడు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. బావగారు కుర్చీలో వెనక్కి వాలి, పట్టిన ఊపిరి వదలడం అక్కడిదాకా వినిపించింది.

ముత్యం ఫారం తన వైపు తిప్పుకుంది. ఏడో గడిలో టిక్కు ఉంది. తోక చివర కొక్కెం.

ఎప్పుడు పెట్టిందో తెలియదు. వారమంతా గొంతెత్తి సాధన చేసిన ప్రశ్న నోటికి రానే లేదు. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. తొమ్మిదిమంది సభ్యులు, ఆఫీసరు, అంత జనం, పొద్దుట్నుంచి ఆ ప్రశ్న గురించే మాట్లాడుకుంటున్నవాళ్ళు, ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు. లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోవచ్చు. బావగారి స్కూటరు బయటే ఉంది. అరగంటలో ఇల్లు, అక్క, తన కుర్చీ. ఆ కుర్చీ మీద ఆశ ఎంత ఉందో అప్పుడే తెలిసింది ముత్యానికి. ఏడుపొచ్చినంత పనైంది.

"అయ్యా" అంది. "ఈ తుపాకీ ఎవరి కోసం కొన్నారు మీరు?"

"అంటే?"

"ఏడో ప్రశ్నకి మీరేం చెప్పారు?"

అధ్యక్షుడు నవ్వాడు. "మీరు అడగందే?"

"చూడండి మరి."

ఆయన ఫారం దగ్గరికి లాక్కున్నాడు. నవ్వు ముఖం మీద ఉండగానే ఆగిపోయింది. తన సంతకం చూశాడు, దాని పైన టిక్కు చూశాడు. "ఇది నేను పెట్టలేదు" అన్నాడు.

ఆ మాట అన్నాక ఆయనకే ఏదో తట్టినట్టుంది, నాలుగో వరస వైపు చూశాడు. అయినా మంచి మనిషి, దారి చూపించబోయాడు. "కంగారు పడ్డారమ్మా. ఇంతమంది ముందు ఎవరికైనా సహజమే. మళ్ళీ ఒకసారి—"

"కంగారు కాదండీ, అలవాటు" అంది ముత్యం. ఒకసారి మొదలయ్యాక మాట ఆగలేదు. "పంతొమ్మిదేళ్ళుగా ఇంతే. పేపర్లో పడ్డ టిక్కు కూడా నాదే, ఆ కొక్కెం దీనితో పోల్చి చూసుకోండి. మేం ఎవర్నీ అడగలేదు. ఆవిడ తన భర్త పేరు మీద రాయొచ్చా అని నన్ను అడిగింది. ఆవిడ నిజమే చెప్పిందండీ. నేనే వినలేదు."

హాల్లో ఒక్కసారిగా గోల లేచింది. ఆఫీసరు మెళ్ళో కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. బిల్లు కాగితాలు ముందుకు లాక్కుని, అడగని కొట్టు లైసెన్సు రద్దు అన్న నాలుగో సెక్షను మీద వేలు పెట్టుకుని కూర్చుంది. అది తాను రాసిందే, ఎవరికీ అవసరపడదనుకుని రాసింది. బావగారు లేచారు. ముత్యం వైపు చూడకుండా, కోటు బొత్తాం పెట్టుకుంటూ, వరస చివరిదాకా అడ్డంగా నడిచి బయటికి వెళ్ళిపోయారు. కాసేపటికి కింద స్కూటరు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ముత్యం ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

వాంగ్మూలం రాయించుకుని పంపేసరికి రెండయింది. నడవాలో బల్ల మీద బేకరీ ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. ముత్యాన్ని చూసి లేచి నిలబడింది. వకీలు ఫోను మాట్లాడుతూ కిటికీ దగ్గర చెయ్యి ఊపుతూ తిరుగుతున్నాడు, మొహం వెలిగిపోతోంది.

"క్షమించమ్మా" అంది ముత్యం. ఆవిడ చేతులు పట్టుకుంటుందనో, తిడుతుందనో, ఏదో ఒకటి అనుకుంది. రెంటికీ సిద్ధపడే వచ్చింది.

ఆవిడ రెండూ చెయ్యలేదు.

"ఆ రోజు ఆయన బయట వ్యానులో ఉన్నాడు" అంది ఆవిడ. "కొనకుండా ఇంటికి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ కొట్టువాళ్ళే అమ్మనన్నారు అంటే ఆయనేం చెయ్యగలడు? కొట్టులో అడుగుతారని ఎవరో చెప్పారు. అడిగితే 'మా ఆయనకి' అని చెప్పేద్దామనుకున్నా. దారి పొడుగునా అదే మాట మనసులో చదువుకుంటూ వచ్చానండీ." స్వెట్టరు చెయ్యి మణికట్టు దాకా లాక్కుంది. "మీరు అడుగుతారని అక్కడే నిలబడ్డాను. ఇంకేమీ అడగరా అని కూడా అన్నాను. గుర్తుందా?"

"గుర్తుంది" అంది ముత్యం.

వకీలు పిలిస్తే ఆవిడ వెళ్ళిపోయింది. ముత్యం ఆ బల్ల మీదే కూర్చుండిపోయింది. ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరూ రారని తెలుసు, అయినా లేవలేదు.